రేకుల వసారా, లాగితే లావెక్కే రబ్బరు, ఒక వాషరు

పర్లాకిమిడిలో మా ఇంటి వెనక వసారాకి రేకులే. ఎండాకాలం పదకొండు దాటిందంటే చాలు టక్... టక్... టకటక అని మొదలవుతాయి, మళ్ళీ సాయంత్రం చల్లబడేటప్పుడు ఇంకో విడత. చిన్నప్పుడు పైన పిల్లి నడుస్తోందనుకునేవాణ్ణి. ఇంజినీరింగులో చేరాక ఓహో ఇది థర్మల్ ఎక్స్‌పాన్షనే కదా అని తెగ సంతోషపడ్డాను, ఆ వయసులో దేనికైనా ఒక ఇంగ్లీషు పేరు దొరికితే అది అర్థమైపోయినట్టే లెక్క మరి. లెక్క కూడా చిన్నదే. ఇనుము మీటరుకి ఒక్కో డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నాలుగు మీటర్ల రేకు, తెల్లవారుజామున 25 డిగ్రీలు, మిట్టమధ్యాహ్నం రేకు ఒంటి మీద 65 డిగ్రీలు అనుకోండి, తేడా 40, అంటే దాదాపు 2 మిల్లీమీటర్లు. రోజూ రెండు మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ. ఆ కదిలేదంతా ఎక్కడ తగులుతుంది? బోల్టు దగ్గర. బోల్టు కన్నం రోజురోజుకీ కోలగా సాగుతుంది, వానాకాలం అక్కణ్ణించే కారుతుంది, తుఫాను వస్తే రేకు అక్కడే చిరిగి లేచిపోతుంది. 2018 అక్టోబర్లో తిత్లీ వచ్చినప్పుడు మా వసారా మీద రెండు రేకులు పోయాయి, బోల్టులు మాత్రం వాసాలకి బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

నేను బరంపురంలో చిన్న వర్క్‌షాపులో పని చేస్తాను, జిగ్గులు, ఫిక్స్చర్లు (అంటే పని చేసే ముక్కని కదలకుండా పట్టుకునే బిగింపులు), మధ్యమధ్యలో త్రీడీ ప్రింటింగ్. గత రెండేళ్ళుగా నాకు పట్టిన పిచ్చి మెకానికల్ మెటామెటీరియల్స్. దాని గురించి తెలుగులో రాద్దామని చాలా రోజుల్నించి అనుకుంటున్నాను, కానీ రాయడం మొదలెడితే "స్థితిస్థాపకత", "వ్యాకోచ గుణకం" అని పాఠ్యపుస్తకం భాష వచ్చేస్తోంది, చెరిపేశాను. గిడుగు రామ్మూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మాట్లాడే తెలుగులో రాయండని జీవితమంతా పోట్లాడిన మనిషి, ఆయన ఊళ్ళో కూర్చుని గ్రాంథికం రాస్తే బాగోదు.

మెటామెటీరియల్ అంటే ఏదో కొత్త లోహం కాదు. మామూలు ప్లాస్టిక్కో, రబ్బరో, స్టీలో తీసుకుని దాన్ని ఒక పద్ధతిలో కన్నాలు పెట్టి, కోసి, అల్లి, అదే చిన్న గడిని వందల సార్లు పక్కపక్కన పేరుస్తారు. అప్పుడు ఆ మొత్తానికి, అసలు సరుకులో లేని గుణం వస్తుంది. దీని మీద ఏ వీడియో చూసినా ఒకటే మాట, గుణం పదార్థంలో లేదు, ఆకారంలో ఉంది అని. వినడానికి బాగుంటుంది, నేను కూడా చాలామందికి అదే చెప్పాను. ఇప్పుడు అది సగం మాటేనని నా వాదన. మిగతా సగం, నన్నడిగితే పెద్ద సగం, కీలులో ఉంది. గడి గడినీ కలిపే ఆ సన్నటి మెడ దగ్గర. పేపర్లలో బొమ్మలన్నీ గడి గురించే, చేతిలో విరిగేది మాత్రం ఎప్పుడూ కీలే.

ఆకారం వల్ల గుణం మారుతుందనడానికి పెద్ద సైన్సు అక్కర్లేదు, పైన చెప్పిన రేకే ఉంది. అర మిల్లీమీటరు మందం చదును రేకు పట్టుకుంటే జారిపోయే చాపలా వేలాడుతుంది. అదే రేకుకి అలలు పెడితే మనిషి ఎక్కి నడవచ్చు. అలలున్న రేకుకి 1829లో లండన్‌లో హెన్రీ పామర్ అనే ఇంజినీరు పేటెంటు తీసుకున్నాడు. అల లోతు ఒక 18 మిల్లీమీటర్లు అనుకుని లెక్కేస్తే అదే ఇనుము అదే మందంతో ఒక దిక్కున వెయ్యి రెట్లకి పైనే గట్టిపడుతుంది, రెండో దిక్కున మాత్రం హార్మోనియం తిత్తిలా సాగుతుంది. అందుకే అడ్డంగా ఎండకి పెరిగితే అలలు మింగేసుకుంటాయి, నిలువుగా పెరిగితే మింగేవాడు లేడు, ఆ రెండు మిల్లీమీటర్లూ వెళ్ళి బోల్టుని కొడతాయి. చూశారా, ఎటు తిరిగినా మళ్ళీ అతుకు దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు లాగితే లావెక్కే రబ్బరు. మామూలుగా ఏ రబ్బరునైనా లాగితే సన్నబడుతుంది. ఎంత లాగితే ఎంత సన్నబడుతుందన్న దానికి పాయిజాన్ రేషియో అని పేరు, రబ్బరుకి దాదాపు 0.5, స్టీలుకి సుమారు 0.3, సీసా బిరడా చేసే కార్కుకి దాదాపు సున్నా, నొక్కితే పక్కకి ఉబ్బదు కాబట్టే అది సీసా మూతిలోకి సుఖంగా దిగుతుంది. అన్ని దిక్కులా ఒకేలా ఉండే పదార్థానికి సిద్ధాంతం ప్రకారం ఈ అంకె మైనస్ 1 నుంచి 0.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మైనస్ అంటే లాగితే పక్కకి లావెక్కాలి. 1987లో రాడ్ లేక్స్ అనే అమెరికా ప్రొఫెసరు సోఫాల్లో వేసే లాంటి మామూలు పాలీయురెథేన్ ఫోము తీసుకుని, మూడు వైపులా నొక్కి అచ్చులో పెట్టి, మెత్తబడేదాకా వేడి చేసి చల్లార్చాడు. లోపలి గడుల గోడలు బయటికి కాకుండా లోపలికి మడతపడి అలాగే ఉండిపోయాయి. ఆ ఫోము లాగితే లావెక్కింది, అంకె మైనస్ 0.7 దాకా వచ్చింది. ఇలాంటివాటికి ఆక్జెటిక్ అని పేరు తర్వాత వచ్చింది.

ఇది ఇంట్లోనే చేసి చూడొచ్చు. పాత లారీ ట్యూబు ముక్క చదునుగా కోసి, బ్లేడుతో ఒక గీత అడ్డంగా, పక్కది నిలువుగా, మళ్ళీ అడ్డంగా, ప్రతి గీత కొసా పక్క గీత నడుముకి దగ్గరగా వచ్చి ఓ మూడు మిల్లీమీటర్ల ముందు ఆగాలి. అలా అంతా కోస్తే రబ్బరు చిన్న చిన్న చదరాలుగా తయారవుతుంది, చదరాలు మూలల దగ్గర మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. లాగండి, చదరాలన్నీ ఒకటి ఇటు ఒకటి అటు గిర్రున తిరిగి మధ్యలో కన్నాలు విచ్చుకుంటాయి, షీటు పొడుగూ పెరుగుతుంది వెడల్పూ పెరుగుతుంది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఇది మా మావయ్యకి చూపించాను. మావయ్య ముప్ఫై ఏళ్ళుగా రేకుల పని చేస్తున్నాడు, పర్లాకిమిడి నుంచి కాశీనగరం దాకా ఆయన కప్పని గోదాము లేదంటాడు (కొంచెం కోతలు కూడా ఉంటాయి). లాగి చూసి, "లాగితే సన్నబడాల గాని లావెక్కుతాదేట్రా, ఇదేం సోద్యం" అన్నాడు. నేను గర్వంగా నవ్వుతున్నాను. ఆయన మళ్ళీ లాగాడు, ఇంకోసారి లాగాడు, తర్వాత గోటితో ఒక మూల మీద నొక్కి, "ఇక్కడ సిరిగిపోతాది సూడు" అన్నాడు. ఇంకో పదిసార్లు లాగేసరికి సరిగ్గా అక్కడే చిరిగింది. నాకు ఆ మూల గురించి తెలియడానికి ఆరు నెలలు, రెండు చుట్టల ఫిలమెంటు, అంటే త్రీడీ ప్రింటరులో వేసే ప్లాస్టిక్ తీగ, పట్టింది. ఆయనకి ఒక టీ తాగేంత సేపు.

ఆ మూల ఎందుకంత ముఖ్యమో చెప్తాను. కాగితం మీద చదరాలు చుక్క దగ్గర కలుస్తాయి, ఆ చుక్క ఏ శ్రమా లేకుండా తిరుగుతుంది, అప్పుడు పాయిజాన్ రేషియో ఖచ్చితంగా మైనస్ 1. కానీ చుక్కతో ఏదీ నిలబడదు, కొంచెం మందం వదలాలి. వదిలిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. సన్నటి మెడ వంగడానికి పెట్టే ఎదురు దాని మందం ఘనంతో పెరుగుతుంది, 0.4 మిల్లీమీటర్లని 0.8 చేస్తే రెండు రెట్లు కాదు ఎనిమిది రెట్లు. కీలు అంత బిర్రుగా అయ్యాక చదరాలు తిరగడం మానేసి అవే వంగడం మొదలెడతాయి, మైనస్ కాస్తా సున్నా వైపు జరుగుతుంది, ఇంకా లావు చేస్తే మామూలు రబ్బరు షీటే మిగులుతుంది. పోనీ సన్నం చేద్దామా అంటే, సన్నటిది వంపుకి చాలా రోజులు బతుకుతుంది, షాంపూ సీసా మూతకి ఉండే పల్చటి ప్లాస్టిక్ మడత చూడండి ఎన్నిసార్లు తెరిచి మూసినా విరగదు, కానీ దాన్ని పట్టుకుని లాగితే పుటుక్కున తెగుతుంది. వంపుకి సన్నం కావాలి, లాగుడికి లావు కావాలి. డిజైన్ అంటే ఈ తగువు తీర్చడమే.

ఇది నా వర్క్‌షాపు స్థాయి బాధే అనుకునేవాణ్ణి, పెద్ద పెద్ద ల్యాబుల్లోనూ ఇదే కథ. పెంటామోడ్ అని ఒకటుంది, గ్రేమ్ మిల్టన్, ఆండ్రేయ్ చెర్కాయెవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1995లో కాగితం మీద కనిపెట్టారు. నొక్కితే రాయిలా నలగదు, పక్కకి తోస్తే మాత్రం నీళ్ళలా జారిపోతుంది, అంటే ఘనపదార్థంతో చేసిన నీరన్నమాట. గడి ఎలా ఉంటుందంటే సన్నటి శంకువులు, వాటి మొనలు నాలుగేసి ఒక్కో చోట కలుస్తాయి. మొనలు నిజంగా చుక్కల్లాగా కలిస్తే పక్కకి తోసినప్పుడు ఎదురు పూర్తిగా సున్నా, కానీ అప్పుడు వస్తువే నిలవదు, పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని 2012లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో లేజరుతో దీన్ని నిజంగా చేసినవాళ్ళు మొనలకి కొంచెం మందం ఇచ్చారు. ఆ కొంచెం ఎంత అన్నదే మొత్తం గుణాన్ని నిర్ణయించింది, నలక్కుండా ఆగే గట్టిదనం పక్కకి జారే గట్టిదనానికి వెయ్యి రెట్ల దాకా తేగలమని చూపించారు. అనంతం నుంచి వెయ్యికి దిగింది, కీలుకి కట్టిన కిరాయి అది.

2011లో పువ్వు గింజల బూరు మీద పెట్టి ఫొటో తీసిన నికెల్ జాలీ గుర్తుందా, అప్పట్లో అందరూ వాట్సాప్‌లో... కాదు అప్పుడింకా మెయిల్లోనే పంపుకున్నాం. ఘన సెంటీమీటరుకి 0.9 మిల్లీగ్రాములు, లోపలి గాలిని లెక్కలో తీసేస్తే. గాలే 1.2 ఉంటుంది. లోపల బోలుగా ఉండే నికెల్ గొట్టాలు, గోడ మందం 100 నానోమీటర్లు, సగానికి నొక్కి వదిలేస్తే మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఇదంతా నిజమే. కానీ మొదటిసారి నొక్కినప్పుడు గొట్టాలు కలిసే ముడుల దగ్గర పగుళ్ళు వచ్చాయని, రెండోసారి నుంచి అంత గట్టిగా లేదని కూడా ఆ పేపర్లోనే ఉంది. ఫొటోలో పగుళ్ళు కనపడవు కదా.

కంప్యూటరుకి ఇచ్చేస్తే? ఇస్తున్నారు. నాకు ఇలాంటి గుణం కావాలి ఆకారం నువ్వే వెతుకు అంటే వెతికే పద్ధతి 1988 నుంచీ ఉంది, టోపాలజీ ఆప్టిమైజేషన్ అంటారు, నేనూ వాడతాను. తమాషా ఏంటంటే కదిలే భాగాలున్న డిజైను అడిగితే కంప్యూటరు కూడా కీలు దగ్గరే దొంగతనం చేస్తుంది. రెండు పిక్సెళ్ళని కేవలం మూలకి మూల ఆనించి, ఇదిగో కీలు, దీనికి బరువూ లేదు ఎదురూ లేదు అంటుంది. లెక్కలో అది బ్రహ్మాండంగా తిరుగుతుంది, ప్రింటు చేస్తే రెండు ముక్కలు వస్తాయి. ఈ దొంగ కీళ్ళని ఎలా ఆపాలన్న దాని మీదే బోలెడు పేపర్లున్నాయి.

వేడి సంగతికొద్దాం, నా రేకుల బాధ అదే కదా. ఇంటి పైకప్పు త్రికోణం ఊహించుకోండి, రెండు వాలు వాసాలు స్టీలు, అడుగు కర్ర అల్యూమినియం. అల్యూమినియం మీటరుకి డిగ్రీకి 23 మైక్రాన్లు, స్టీలుకి దాదాపు రెట్టింపు. వేడెక్కితే వాసాలు పెరిగి శిఖరాన్ని పైకి తోస్తాయి, అడుగు ఇంకా ఎక్కువ పెరిగి వాసాల కాళ్ళు విడదీసి శిఖరాన్ని కిందికి దింపుతుంది. అడుగు కోణం సుమారు 44 డిగ్రీలు పెడితే రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి, ఎంత వేడెక్కినా శిఖరం ఎత్తు మారదు. ఇంకా చదునుగా పెడితే వేడెక్కినకొద్దీ ఎత్తు తగ్గుతుంది! రెండూ వేడికి పెరిగే లోహాలే, కలిపి కడితే కుంచించుకుపోయే వస్తువు. పదో తరగతి పిల్లలు పైథాగరస్‌తో రాబట్టగలిగిన లెక్క, ఎవరూ ఎందుకు చెప్పరో.

ఇది మరీ కొత్తదేం కాదు. జాన్ హారిసన్ అనే వడ్రంగి, గడియారాలు చేసేవాడు, 1720ల్లోనే లోలకానికి స్టీలు ఊచలు, ఇత్తడి ఊచలు జాలీలా కట్టాడు, స్టీలు కిందికి పెరిగితే ఇత్తడి అంతే పైకి పెరిగి గుండుని అదే ఎత్తులో పట్టుకునేది. తర్వాత 1896లో గియోమ్ అనే శాస్త్రవేత్త ఇన్వార్ అనే మిశ్రలోహం కనిపెట్టాడు, ఇనుములో 36 శాతం నికెల్, స్టీలులో పదో వంతే పెరుగుతుంది, 1920లో నోబెల్ కూడా ఇచ్చారు. ఒకే సమస్యకి ఒకడు కట్టుబడితో జవాబు చెప్పాడు, ఇంకొకడు సరుకుతో. ఇన్వార్‌కి కీళ్ళుండవు, అందుకే అది గెలిచిందని నాకనిపిస్తుంది. ఇక జిర్కోనియం టంగ్‌స్టేట్ అని ఒక సెరామిక్ ఉంది, అతిశీతలం నుంచి సుమారు 780 సెంటీగ్రేడు దాకా వేడెక్కేకొద్దీ కుంచించుకుపోతూనే ఉంటుంది. ఎందుకయ్యా అని లోపలికి చూస్తే గట్టి గట్టి అణు గుంపులు మూలల దగ్గర మాత్రం ఒక్కో ఆక్సిజన్‌తో కలిసి ఊగుతుంటాయి, ఊగినకొద్దీ లోపలికి ముడుచుకుంటాయి. నా లారీ ట్యూబు లాంటిదే, అక్కడ కూడా కీలే పని చేస్తోంది.

మరి నా త్రికోణం ఏమైందంటారా. 10 సెంటీమీటర్ల అల్యూమినియం అడుగు 40 డిగ్రీలకి పెరిగేది 0.09 మిల్లీమీటర్లు. మన దగ్గర మామూలు డ్రిల్లుతో వేసిన కన్నంలో పిన్ను దూర్చితే ఉండే లూజు 0.1. అంటే కొలవాల్సిన గుణమంతా కన్నంలోని లూజు మింగేసింది. ఏం మారలేదు, బ్రహ్మాండం, సున్నా వ్యాకోచం సాధించేశాను అని ఒక సాయంత్రమంతా ఎగిరాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. లూజు లేకుండా వెల్డు చేద్దామంటే స్టీలుకీ అల్యూమినియానికీ మామూలు వెల్డింగు పట్టదు, రివెట్టు బిగిస్తే తిరగనివ్వదు, పైగా బరంపురం ఉప్పు గాలికి రెండు లోహాలు తగిలినచోట అల్యూమినియం తెల్లగా పొడి కడుతుంది.

ఇలా చెప్తుంటే ఒక మిత్రుడు, ఇదంతా మన మేదర్లకి ఎప్పుడో తెలుసురా అన్నాడు. నేనొప్పుకోను. వెదురు బుట్టలో బద్దలు ఒకదానికొకటి అతుక్కోవు, దాటే చోట కొంచెం జారతాయి, అందుకే బుట్ట కింద పడితే పగలదు, అది గొప్ప పనితనమే. కానీ నాకు పక్కకి ఇంత మెత్తగా నిలువుకి ఇంత గట్టిగా కావాలి అని అంకె ముందు చెప్పి, దానికి ఆకారం వెతకడం వేరే పని. పొగడ్త పేరుతో రెండింటినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయం. మేదరాయన దగ్గర నేర్చుకోవాల్సింది అంకె కాదు, దాటు దగ్గర ఎంత వదలాలి అన్నది. మా తాత అయితే వేడి పెరుగుదలని అసలు శత్రువుగానే చూడలేదు. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా కావాలనే చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టకార్లతో పట్టుకొచ్చి చక్రం మీద వేసి నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. అయిదడుగుల చక్రానికి ఆ పట్టా చుట్టుకొలత మూడు సెంటీమీటర్ల దాకా పెరిగి ముడుచుకునేది, ఆకుల అతుకులన్నీ ఒక్క మేకు లేకుండా కిర్రుమని బిగిసిపోయేవి. ఆయనకి సున్నా వ్యాకోచం ఇనుము ఇచ్చుంటే తిట్టేవాడు.

సరే, బోల్టు. మావయ్య సూత్రం ఒకటుంది: "రేకుని బిగించేస్తే ఏడుస్తాది, వదిలేస్తే ఎగిరిపోతాది." అందుకే ఆయన జే బోల్టుకి (కొస కొంకీలా వంగి ఉండే బోల్టు) కన్నం కొంచెం పెద్దది వేస్తాడు, అల మెట్ట మీదే వేస్తాడు, పల్లంలో వెయ్యడు, కింద తారు వాషరు పెడతాడు, నట్టు చివరి అర చుట్టు తిప్పడు. మా వసారా మాత్రం ఆయన ఊళ్ళో లేనప్పుడు వేరే కాంట్రాక్టరు వేశాడు, దిబ్బేసినట్టు బిగించి పోయాడు. మావయ్య వదిలే ఆ అర చుట్టు గురించి ఆలోచిస్తూ ఉంటే ఒకరోజు వెలిగింది, నాకు కావాల్సిన వాషరు పైనుంచి నొక్కితే నలగకూడదు, పక్కకి రెండు మిల్లీమీటర్లు తోస్తే ఎదురు చెప్పకూడదు. అదే కదా పెంటామోడ్!

టీపీయూ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్‌తో ప్రింటు చేశాను. రెండు పల్చటి బిళ్ళలు, మధ్యలో రెండు కొసలా సన్నబడే బుల్లి స్తంభాలు. మొదటిది మెడ 0.6 పెట్టాను, వైసులో బిగించి మూడు వందల సార్లు అటూ ఇటూ తోసేసరికి మెడలు తెగాయి. రెండోది 1.2, తెగలేదు, కానీ అంత బిర్రుగా ఉన్నదాన్ని పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే. వంతెనల కింద రబ్బరు పొరలు, స్టీలు పలకలు ఒకదాని మీదొకటి పేర్చిన దిమ్మలు వేస్తారు చూడండి, అవి ఈ పని ఎప్పట్నించో చేస్తున్నాయి, మరి నా తంటా ఎందుకని మీరడగొచ్చు. వాటిలో పక్కకి మెత్తదనం కావాలంటే రబ్బరు ఎత్తు పెంచాలి, నా దగ్గర బోల్టు తల కింద ఉన్నది ఆరు మిల్లీమీటర్లే. స్తంభాల్లో అయితే నడుం లావు నాదే, మెడ సన్నం నాదే, రెండూ విడివిడిగా తిప్పుకోవచ్చు. ఈ పద్ధతికి ఉన్న అసలు లాభం అదొక్కటే అని నా అభిప్రాయం, మాయలూ మంత్రాలూ ఏం లేవు.

మూడోదానికి మెడ 0.9, మెడ దగ్గర మూల పదునుగా కాకుండా గుండ్రంగా తిప్పాను. మార్చి నెలలో మావయ్య పశువుల శాల మీద ఒక వరసలో పన్నెండు వేశాం, పక్క వరసలో ఆయన తారు వాషర్లు పన్నెండు. ఎండకి టీపీయూ ఎన్నాళ్ళుంటుందో చూడాలి, పైన నల్లరంగు పూశాను. మే నెలలో వెళ్ళి మధ్యాహ్నం ఇద్దరం శాలలో నులక మంచం వేసుకుని పైకి చూస్తూ పడుకున్నాం. నా వరస చప్పుడు లేదు. ఆయన వరసా చప్పుడు లేదు. చాలాసేపయ్యాక మావయ్య, "నీదెంత పడింది రా ఒక్కోటి" అన్నాడు. ముప్ఫై రెండు రూపాయలన్నాను, కరెంటు లెక్కెయ్యకుండా. ఆయన ఇంక మాట్లాడలేదు, లేచి వెళ్ళి ఆవుకి నీళ్ళు పెట్టాడు.